రెప్పల ఉత్తర్వు

తూముపాలెంలో ఇతరత్రా అనుమతుల కార్యాలయం అని ఒకటుంది. ఇల్లు కట్టుకోవాలంటే మునిసిపాలిటీ అనుమతి ఇస్తుంది, బండి నడపాలంటే రవాణా శాఖ ఇస్తుంది, తుపాకీ పెట్టుకోవాలంటే పోలీసులు ఇస్తారు. ఎవరి కిందికీ రాని కోరికలు ఇంకా కొన్ని ఉంటాయి. వీధికి అడ్డంగా షామియానా వెయ్యడం, మేడ మీద పావురాల్ని పెంచడం, ఊరేగింపులో ఒంటెని నడిపించడం, పక్కింటి కొబ్బరిచెట్టు మన పెరట్లోకి వాలితే ఆ మేరకు మట్టలు నరకడం. అలాంటి దిక్కులేని కోరికలన్నిటికీ ఈ కార్యాలయమే దిక్కు.

అందులో ముందు కౌంటరు గుత్తుల రత్నమాణిక్యంగారిది. సీనియర్ అసిస్టెంటు. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి ఆవిడ చెప్పలేదు, కొన్నాళ్ళకి వాళ్ళు అడగడం మానేశారు. కౌంటరు దగ్గరికి వచ్చే జనం ఆవిడ చేతిలోని కాగితాన్ని చూసేవారు, కాగితం మీది ముద్రని చూసేవారు, ముద్ర లేకపోతే గోడగడియారాన్ని చూసేవారు. ఆవిడ మొహంలోకి చూసినవాళ్ళు తక్కువ. ఆవిడ కూడా దాన్ని మనసులో పెట్టుకోలేదు. సర్కారు కుర్చీలో కూర్చున్నాక మొహం సొంతానికి ఉండదని ఆవిడ ఎప్పుడో నిర్ణయించుకుంది.

దీపావళికి మేనకోడలు హిమజ వచ్చింది. కాకినాడలో బ్యూటీ పార్లరులో పనిచేస్తుంది. వస్తూ వస్తూ మతాబుల డబ్బా అంత పెట్టె ఒకటి తెచ్చి అత్త ఒళ్ళో పెట్టింది. మూత తీస్తే లోపల అద్దం, అద్దం కింద గుండ్రటి గుంటల్లో రంగురంగుల పొడి.

"ఐషాడో అత్తా. కళ్ళ మీద వేసుకునేది. లిమిటెడ్ ఎడిషన్. దీపావళికి మాత్రమే వస్తుంది, మళ్ళీ ఏడాదిదాకా కావాలన్నా దొరకదు."

"ఇంత ఖరీదైంది నాకెందుకే? మీ పార్లరుకి వచ్చే పెళ్ళికూతుళ్ళకి వెయ్యరాదూ?"

"వాళ్ళ కళ్ళు వాళ్ళకున్నాయి. నీ కళ్ళు నీకు లేవా?"

మాణిక్యంగారు పెట్టెని వెలుతురు వైపు తిప్పింది. ఒక్కో గుంట కిందా ఒక్కో పేరుంది. చిచ్చుబుడ్డి పసుపు, నెమలికంఠం నీలం, మందార ఎరుపు, తమలపాకు పచ్చ. ఇంకా చాలా ఉన్నాయి. పేర్లు చదువుతుంటేనే ఆవిడకి పండక్కి బట్టల కొట్లో నిలబడ్డట్టు అనిపించింది.

ముందు నీలం వేసి చూసుకుంది. ఎవరో కంటి మీద గుద్దినట్టుంది. తుడిచేసి పసుపు వేసింది. కామెర్ల మనిషిలా ఉంది. ఎరుపు వేసేసరికి హిమజే పకపకా నవ్వి, "అత్తా, నువ్వు గోడకి సున్నం వేస్తున్నావు. ఇలా కాదు. చంటిపిల్ల బుగ్గకి పౌడరు అద్దినట్టు అద్దాలి," అని చేతిలోంచి చిన్న బ్రష్షు తీసుకుంది. కళ్ళు మూసుకోమంది. ఆ మెత్తటి కుచ్చు రెప్పల మీద తిరుగుతుంటే మాణిక్యంగారికి ఎందుకో వాళ్ళమ్మ తలంటి గుర్తొచ్చింది.

కళ్ళు తెరిచి అద్దంలో చూసుకుంది. తమలపాకు పచ్చ. రెప్ప వాలిస్తే ఆకు మీద ఎండ పడ్డట్టు మెరుస్తోంది, ఎత్తితే మెరుపు దాక్కుంటోంది. ఆవిడ రెప్ప వాల్చింది, ఎత్తింది, మళ్ళీ వాల్చింది. తన కళ్ళు ఇంత పెద్దవని ఆవిడకి తెలియదు.

పండగ వెళ్ళిన మర్నాడు కూడా ఆ పచ్చే వేసుకుని ఆఫీసుకి బయల్దేరింది. రిక్షా ఎక్కేముందు ఒకసారి తుడిచేద్దామా అనుకుంది. చెయ్యి ఎత్తింది కూడా. ఆ చేత్తోనే జడ సర్దుకుని ఎక్కేసింది.

కౌంటరు తెరవగానే పావురాల సత్తిరాజు వచ్చాడు. మేడ మీద పావురాల అనుమతి కోసం అతను రోజూ వస్తాడు, రోజూ ఆఫీసు కప్పు ఎగిరిపోయేలా అరుస్తాడు, భోజనాల వేళకి వెళ్ళిపోతాడు. ఆ వేళ అరవడానికి నోరు తెరిచి, అలాగే ఉండిపోయాడు.

"మేడంగారూ, కళ్ళకేదో వేసుకున్నారండి?"

"వేసుకున్నానండి. ఏం?"

"బాగుందండి. మా ఆడ పావురానికి మెడ దగ్గర ఇదే రంగండి." ఇలా అని, తనెందుకు వచ్చాడో మరిచిపోయి, నవ్వుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆఫీసు చరిత్రలో సత్తిరాజు అరవకుండా వెళ్ళిన మొదటి రోజు అది. ఈ విశేషాన్ని అద్దాల గదిలోంచి ఉప సంచాలకులు విన్నకోట జనార్దనమూర్తిగారు స్వయంగా చూశారు.

జనార్దనమూర్తిగారు కొత్తగా వచ్చిన అధికారి. అంతకుముందే ఏదో కొండ ఊరిలో 'దృశ్యమాన పరిపాలన' అనే విషయం మీద శిక్షణ పొంది వచ్చారు. అక్కడ ఏం నేర్పారో ఆయనకి పూర్తిగా అర్థం కాలేదు. అర్థం కాలేదు కాబట్టే దాని మీద ఆయనకి అపారమైన గౌరవం. దాన్ని ఎక్కడ అమలు చెయ్యాలా అని వెతుకుతున్నారు.

మధ్యాహ్నం అందర్నీ సమావేశపరిచారు.

"పౌరుడికి సమాచారం చెవి ద్వారా చేరితే సందేహం. కాగితం ద్వారా చేరితే జాప్యం. కంటి ద్వారా చేరితే సాక్షాత్కారం," అన్నారు. "ఈరోజు శ్రీమతి రత్నమాణిక్యం గారి కనురెప్పల మాధ్యమంగా ఒక దీర్ఘకాలిక అర్జీదారుడు సంతృప్తి స్థాయిని చేరుకొనుట నేను గమనించితిని."

"కుమారి అండి," అంది మాణిక్యం.

"గమనించబడినది," అన్నారాయన. "ఆ రంగు ఏమిటి?"

"తమలపాకు పచ్చండి."

"పచ్చ అనగా అనుమతి. అర్జీదారుడు తన అర్జీ ఆమోదం పొందినదని భావించి శాంతించెను. స్పష్టంగా ఉన్నది కదా?"

స్పష్టంగా లేదని చెప్పడానికి సూపరింటెండెంటు కడలి వీరభద్రంగారు నోరు తెరిచారు. ఆయనకి బుర్ర మీసాలున్నాయి, పదవీ విరమణ దగ్గర్లో ఉంది. రెండోది గుర్తొచ్చి నోరు మూసేశారు.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. ఇందుమూలముగా సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఇకపై దస్త్రముల స్థితిగతులు నోటిమాటగా గాని, కాగితరూపముగా గాని తెలుపరాదు. కనురెప్పల ద్వారా మాత్రమే తెలుపవలెను. ఆమోదమునకు తమలపాకు పచ్చ. పరిశీలనలో ఉన్నచో చిచ్చుబుడ్డి పసుపు. ఇతర శాఖకు బదిలీ చేసినచో నెమలికంఠం నీలం. తిరస్కరణకు మందార ఎరుపు. ఎడమ రెప్ప అసలు ప్రతిగాను, కుడి రెప్ప నకలుగాను పరిగణింపబడును. రెప్ప వాల్చినంతనే ఉత్తర్వు జారీ అయినట్లు. రెప్ప మీద అప్పీలు లేదు.

మిగతా రంగులకి ప్రస్తుతానికి అర్థం నిర్ణయించలేదని, నిర్ణయించేవరకు వాటిని ఎవరూ ముట్టరాదని చివర ఒక వాక్యం ఉంది.

ఒకే ఒక్క పెట్టె. బజార్లో ఇంకో రకం కొందామని వీరభద్రంగారు సూచిస్తే జనార్దనమూర్తిగారు గంభీరంగా తల అడ్డంగా ఊపారు. "వేరు కంపెనీ పచ్చ వేరు ఛాయలో ఉండును. ఛాయ మారినచో అనుమతి స్థాయి మారును. ఒక పౌరునికి ముదురు అనుమతి, మరొకనికి లేత అనుమతి ఇచ్చుట సమానత్వమునకు విరుద్ధము." పెట్టెని ప్రజా ప్రయోజనార్థం స్వాధీనం చేసుకున్నారు. దాని మూత మీద ఆఫీసు ముద్ర వేసి, ఇనప బీరువాలో పెట్టి, మాణిక్యంగారిని రెప్పల విభాగానికి ఇన్‌చార్జిగా నియమించారు.

"నా పెట్టెండి అది. మా మేనకోడలు ఇచ్చింది," అంది మాణిక్యం.

"కాదనలేదు కదా. దాని ఇన్‌చార్జి మీరే కదా," అన్నారు ఆయన ఎంతో ఉదారంగా.

ఆ సాయంత్రం మాణిక్యంగారు మామూలు మొహంతో ఇంటికి వెళ్ళింది. సర్క్యులర్ ప్రకారం ఆఫీసు వేళల తర్వాత రెప్ప మీద రంగు ఉండటం అధికార దుర్వినియోగం. అద్దం ముందు నిలబడి ఉత్త రెప్పలు వాల్చి చూసుకుంది. పదవి వచ్చింది, పెట్టె పోయింది. తనకి ఎందుకంత కోపం వస్తోందో ఆవిడకే వింతగా ఉంది. ప్రమోషను రానప్పుడు కూడా ఇంత కోపం రాలేదు.

పద్ధతి మొదలైంది. పొద్దున్నే సిబ్బంది అంతా వరసగా బల్ల మీద కూర్చుని తలలు వెనక్కి వాల్చేవారు, మాణిక్యంగారు వచ్చే అర్జీని బట్టి రంగులు అద్దేది. అర్జీదారు కౌంటరు ముందుకి రాగానే ఉద్యోగి రెండు కళ్ళూ మూసుకోవాలి. మూస్తేనే కదా రెప్ప కనిపించేది. ఇదివరకు కూడా వాళ్ళు మూసేవాళ్ళే కానీ, అప్పుడు దానికి ఉత్తర్వు లేదు.

వీరభద్రంగారి బుర్ర మీసాల పైన చిచ్చుబుడ్డి పసుపు చూసి వాళ్ళావిడ మొదటిరోజు ఆయన్ని గుమ్మంలోనే ఆపేసింది. రెండోరోజు కొబ్బరినూనె పెట్టి తుడిచింది. మూడోరోజు నుంచి, "ఆ నీలం మీకు నప్పలేదండీ, పసుపే మేలు," అనడం మొదలెట్టింది.

చిన్నచిన్న ఇబ్బందులు రాకపోలేదు. రికార్డు గది గుమాస్తాకి కన్ను అదిరే జబ్బుంది. ఒక పొద్దుట పచ్చ రంగుతో కూర్చుని అతను అదే పనిగా రెప్ప కొట్టేసరికి, ఒకే ఒంటెకి అడిగిన అనుమతి ఒంటెల మందకి ఇచ్చినట్టయింది. అప్పీలు లేదు కాబట్టి ఆ మందకోసం ఊరేగింపువాళ్ళు రాజస్థాన్‌కి ఫోన్లు చేసుకున్నారు. ఇంకో గుమాస్తా ఒక కన్ను మాత్రమే మూశాడని, నకలు లేని అసలు చెల్లదని ఒక రోజంతా వాదన నడిచింది. ఎదురుగా ఆడమనిషి ఉండటంతో ఆ వాదన అతనింట్లో ఇంకో రోజు నడిచింది.

అయినా జనం అలవాటు పడ్డారు. ఆఫీసు మెట్ల మీద ఒకడు బల్ల వేసుకుని, కొద్దిపాటి రుసుముకి రెప్పలు చదివి పెట్టడం మొదలెట్టాడు. ప్రధాన కార్యాలయం కూడా మెచ్చుకుంది. ఖర్చు లేని సంస్కరణని మెచ్చుకోవడానికి కూడా ఖర్చు లేదు.

అలాంటి రోజుల్లో మేడిశెట్టి పాపాయమ్మ వచ్చింది. బస్టాండు పక్కన పెసరట్ల బండి ఆవిడది. ఊళ్ళో సగం మంది పొద్దుట లేచేది ఆ అట్ల వాసనకే. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల పెళ్ళిళ్ళు అయిపోయాయి. ఆవిడ కౌంటరు మీద మోచేతులు ఆనించి, గొంతు తగ్గించి చెప్పింది.

"మా ఈదిలో షామియానా ఏసుకోటానికి పర్మిషను కావాలండి."

అప్పటికి నోటిమాట నిషేధమే అయినా, అర్జీ ఏమిటో తెలిస్తే కదా రంగు వేసేది అని మాణిక్యంగారు రెండు మూడు ప్రశ్నలకి తనకి తానే అనుమతి ఇచ్చుకునేది. "ఏం శుభకార్యం అండి?"

"పెళ్ళండి."

"ఎవరిదండి?"

పాపాయమ్మ పక్కకి చూసింది. పెనం ముందు నిలబడి నిలబడి కందిన మొహం ఇంకాస్త ఎర్రబడింది. "నాదేనండి. సూరన్నగారని లారీ నడిపేవారండి. మానేశారిప్పుడు. ఎన్నో ఏళ్ళబట్టి నా బండి కాడే తింటన్నారు. ఇదివరకు తిని ఎల్లిపోయేవారండి. ఇప్పుడు తిన్నాక లెగటం లేదు. ఎలాగూ ఇక్కడే ఉంటన్నాడు కదమ్మా, ఓ ముడి ఏయించెయ్యి అని మా పిల్లలే అన్నారండి."

మాణిక్యంగారికి నవ్వూ ఇంకేదో కలిసి వచ్చాయి. "ముహూర్తం ఎప్పుడండి?"

"వచ్చే బుధారం పొద్దుటండి. నాదేమో ఒంటి గది. ఈదిలో తప్ప చోటు లేదు. షామియానా ఆయనేమో కాయితం సూపిస్తేగానీ కర్ర పాతనంటన్నాడు. ఇదివరకోసారి ఆయన గుడ్డలన్నీ ఆఫీసోళ్ళు పట్టుకుపోయారంట."

"కాగితాలు లేవండీ ఇప్పుడు. రెప్పలే."

"ఏదో ఒకటి. పచ్చగా ఉంటే సాలంటన్నాడండి."

అర్జీ వచ్చిన రోజే పచ్చ వెయ్యకూడదు, పరిశీలన అనేది ఉంటుంది. మాణిక్యంగారు ఆరోజుకి పసుపు రెప్పలు వాల్చి, కళ్ళు తెరిచాక, "సోమవారం రండి," అని నోటితో కూడా చెప్పేసింది.

ఈలోగా శనివారం పక్క జిల్లాల నుంచి అధికారుల బృందం అధ్యయన యాత్రకి వచ్చింది. జనార్దనమూర్తిగారు వాళ్ళకి పూలదండలు వేశారు, ప్రసంగించారు, చివర్లో వాళ్ళ రెప్పల మీదే ప్రయోగపూర్వకంగా వేసి చూపించమని మాణిక్యంగారికి చెప్పారు. పెద్దవాళ్ళు ఎవరూ ఎరుపు వేయించుకోవడానికి ఒప్పుకోలేదు. పసుపు తమ హోదాకి తగదన్నారు. నీలంలో బదిలీ అనే మాట ఉంది కాబట్టి ఆ గుంట వైపే చూడలేదు. అందరూ పచ్చే అడిగారు. ఒకాయన భార్యకి చూపించాలని రెండోసారి దట్టంగా వేయించుకున్నాడు. ఆ రెప్పలతోనే అందరూ గుంపుగా ఫోటో దిగి, భోజనం చేసి, కార్లెక్కి వెళ్ళిపోయారు.

సోమవారం పెట్టె తెరిచేసరికి తమలపాకు పచ్చ గుంటలో అడుగు రేకు తళతళలాడుతోంది. బ్రష్షుతో గోకినా గాలి తప్ప రాలేదు.

మాణిక్యంగారు పెట్టె పట్టుకుని అద్దాల గదిలోకి వెళ్ళింది. జనార్దనమూర్తిగారు గుంటలోకి వంగి చూశారు, కళ్ళజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు.

"పచ్చ లభ్యత లేనందువల్ల వచ్చే దీపావళి వరకు అనుమతులు సాంకేతికంగా అసాధ్యము," అన్నారు. "ఐతే పరిపాలన స్తంభించరాదు. తిరస్కరణలు యథావిధిగా కొనసాగును."

"పాపాయమ్మగారి పెళ్ళి బుధవారమండి. పూర్వంలాగా ఒక్క కాగితం మీద సంతకం చేసేస్తే..."

"కాగితమా?" ఆయన మొహంలో నిజంగా బాధ కనిపించింది. "రాష్ట్రమంతా మన రెప్పల వైపు చూస్తుండగా మనం కాగితానికి తిరోగమించుటా? పైగా ఆ వీధి రోడ్డు కదా. షామియానా కర్రలు రోడ్డులో పాతబడును. రోడ్ల శాఖకు బదిలీ చేయుడు. నీలం వేయుడు."

రోడ్ల శాఖ పాతిన కర్రకి అనుమతి ఇస్తుంది కానీ, పాతబోయే కర్రకి ఇవ్వదని మాణిక్యంగారికి తెలుసు. అక్కడికి వెళ్ళిన అర్జీ పెళ్ళికి కాదు కదా, షష్టిపూర్తికి కూడా తిరిగి రాదు.

ఆవిడ బయటికి వచ్చింది. పాపాయమ్మ అప్పటికే వరసలో నిలబడి ఉంది. వెనకాల కాస్త ఎడంగా, తెల్లచొక్కా వేసుకున్న పొడుగాటి మనిషి, చేతిలో గొడుగు. చూస్తే చాలు, సూరన్న ఆయనేనని తెలిసిపోతోంది. ఆవిడ ముందుకి ఒకడుగు వేస్తే ఆయనా ఒకడుగు వేస్తున్నాడు.

ఆ వేళ కౌంటరులో కూర్చోవలసింది వీరభద్రంగారు. తల వెనక్కి వాల్చి సిద్ధంగా ఉన్నారు. పొద్దుటి నుంచి పరిశీలన దస్త్రాలు చూసినందువల్ల ఆయన రెప్పల మీద పసుపు దట్టంగా ఉంది.

"పాతది తుడవాలండి," అంది మాణిక్యం, దూది తీసి.

"వద్దమ్మా తల్లీ. మా ఆవిడ రోజూ తుడిచీ తుడిచీ రెప్పలు పుండయిపోయాయి. దాని మీదే వేసేసెయ్యి. నీలమేగా, కప్పేస్తుంది."

మాణిక్యంగారు దూది పక్కన పెట్టింది. బ్రష్షుని నీలంలో ముంచి, ఆయన ఎడమ రెప్ప మీద ఒక గీత గీసింది. నీలం పడ్డచోట పసుపు తిరగబడింది. గీత అంచున సన్నగా, ఇప్పుడే విచ్చుకున్న మొలకలాంటి రంగు వచ్చింది.

ఆవిడ చెయ్యి ఆగింది.

ఇప్పుడు దూది తీసుకుంటే తుడిచెయ్యచ్చు. సర్వీసంతా ఆవిడ ఒక్క కాగితం కూడా తప్పుగా రాయలేదు. తప్పుగా రాయలేదని ఎవరూ గమనించలేదు కూడా. ఆవిడ కౌంటరు కంత లోంచి వరస వైపు చూసింది. పాపాయమ్మ చెంగుతో మెడ తుడుచుకుంటోంది, సూరన్న గొడుగు తెరిచి ఆవిడ నెత్తి మీదకి వంచుతున్నాడు. వాళ్ళు నిలబడింది వరండాలో. ఎండ లేదు, వాన లేదు. ఊరికే పట్టుకున్నాడు.

మాణిక్యంగారు చంటిపిల్ల బుగ్గకి పౌడరు అద్దినట్టు అద్దడం మొదలెట్టింది. కొంచెం నీలం, మళ్ళీ కాస్త పసుపు, వేలికొసతో మెల్లిగా కలిపింది. ఎడమ రెప్ప అయ్యాక కుడి రెప్ప. నకలు లేని అసలు చెల్లదు.

"అయిపోయిందా?" అన్నారు వీరభద్రంగారు.

"అయిపోయిందండి. వెళ్ళి కూర్చోండి."

పాపాయమ్మ ముందుకి వచ్చింది. వీరభద్రంగారు గొంతు సవరించుకుని, తను ఇవ్వబోయేది చేదు వార్త కాబట్టి మొహం వీలైనంత దయగా పెట్టి, కళ్ళు మూశారు.

వరసలో వెనకవాళ్ళు మునివేళ్ళ మీద లేచి చూశారు. తర్వాత మెట్ల మీది రెప్పలు చదివేవాడు బల్ల మీద లేచి నిలబడి అరిచాడు. "పచ్చ! రెండు రెప్పలూ పచ్చే!"

వరండా అంతా గోల. సత్తిరాజు ఈల వేశాడు. సూరన్న చేతిలో గొడుగు దానంతటదే ముడుచుకుంది. పాపాయమ్మ రెండు చేతులూ జోడించి, "మీ మీసాలు సల్లగుండ, సూపర్డెంటుగారూ!" అంది. వీరభద్రంగారికి ఏం జరిగిందో తెలియదు. కళ్ళు తెరిస్తే ఉత్తర్వుకి భంగమేమోనని మూసుకునే, "ఏమైందమ్మా? ఏమైంది?" అంటున్నారు.

జనార్దనమూర్తిగారు పరుగున వచ్చారు. వీరభద్రంగారి గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పారు.

"ఇది ఏ పచ్చ?" అన్నారు.

"పచ్చేనండి," అంది మాణిక్యం.

"తమలపాకు పచ్చయేనా? ఛాయ సరిచూడవలెను. పెట్టె తెండి."

పెట్టె తెచ్చింది. ఆయన తమలపాకు పచ్చ గుంట పక్కన వీరభద్రంగారి రెప్పని పెట్టి చూశారు. గుంటలో రంగు లేదు, రేకు ఉంది. రేకులో ఆయన మొహమే ఆయనకి కనిపించింది.

"సరిపోల్చుటకు నమూనా లేదు," అన్నారు మెల్లగా.

"నమూనా లేనప్పుడు తేడా ఉందని రాయలేం కదండీ," అన్నారు వీరభద్రంగారు, కళ్ళు మూసుకునే. ఆయనకి ఇప్పుడే విషయం అర్థమవుతోంది. పదవీ విరమణ ఇంకాస్త దగ్గరైనందువల్లనో ఏమో, ధైర్యం వచ్చింది. "అందులోనూ రెప్ప మీద అప్పీలు లేదని తమరే రాశారు."

జనార్దనమూర్తిగారు గుంటనీ రెప్పనీ మార్చి మార్చి చూశారు. వరండాలో జనం కౌంటరు దగ్గరికి జరిగారు. సూరన్న పాపాయమ్మ వెనక నుంచి పక్కకి వచ్చి నిలబడ్డాడు. చివరికి అధికారి వీరభద్రంగారి గడ్డం వదిలి, మాణిక్యంగారి వైపు తిరిగారు.

"ఏ విధముగా సిద్ధించినది?"

"నీలమూ పసుపూ కలిపానండి."

"అనగా, బదిలీని పరిశీలనతో సమ్మేళనము చేసినచో ఆమోదము వచ్చును." ఆయన కళ్ళజోడు వెనక ఏదో వెలిగింది. కొండ ఊరిలో అర్థం కానిది అంతా ఇప్పుడు ఆయనకి అర్థమైపోయింది. "శాఖల మధ్య సమన్వయము! దీనినే కదా మేము అన్వేషించుచున్నది! దీనికి సమీకృత హరితము అని పేరు పెట్టుచున్నాను."

"అయితే పర్మిషను ఇచ్చినట్టేనాండి?" అంది పాపాయమ్మ.

"ఇచ్చుట ఏమిటమ్మా? నేనే కనిపెట్టితిని."

ఆ మధ్యాహ్నమంతా సమీకృత హరితమే నడిచింది. సత్తిరాజుకి పావురాలు వచ్చేశాయి, కొబ్బరిమట్టలవాళ్ళకి మట్టలు వచ్చేశాయి. జనం ఎగబడేసరికి చీకటి పడకముందే నీలం గుంటా పసుపు గుంటా కూడా తళతళలాడిపోయాయి. అర్థం రాసిన రంగుల్లో మిగిలింది తిరస్కరణ ఎరుపు ఒక్కటే. ఎరుపు ఒక్కదానితో ఆఫీసు నడపవచ్చునని, ఆ మాటకొస్తే అది సులువు కూడానని జనార్దనమూర్తిగారు ప్రధాన కార్యాలయానికి రాశారు. కొన్నాళ్ళకి వాళ్ళు ఆయన ప్రతిభకి ముగ్ధులై, పై హోదా ఇచ్చి, రాష్ట్రవ్యాప్త దృశ్యమాన పరిపాలనా సలహాదారుగా రాజధానికి పిలిపించుకున్నారు. అక్కడ ఆయనకి పెద్ద గది ఇచ్చారు, కౌంటరు ఇవ్వలేదు. ఆయన వెళ్ళిన మర్నాడు వీరభద్రంగారు ఎవరినీ అడక్కుండా కాగితాల కట్టలు విప్పారు. సర్క్యులర్‌ని ఎవరూ రద్దు చెయ్యలేదు. దాని మీద కాగితాలు పేర్చారంతే.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ బుధవారం పొద్దున్నే, పాపాయమ్మ వీధిలో ఎర్రచారల షామియానా వేశారు. వీధి చివర ఒక పెద్ద పెనం మీద పెళ్ళికొడుకు స్వయంగా అట్లు వేస్తున్నాడు. ఆ ఒక్కరోజైనా ఆవిడ పెనం ముట్టకూడదని ఆయన పట్టు. మాణిక్యంగారు ఆఫీసుకి సెలవు పెట్టి, బీరువా తాళం తనే తీసి, ముద్ర వేసిన పెట్టెని చంకలో పెట్టుకుని వచ్చింది. ఇన్‌చార్జి ఆవిడే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

ఒంటి గదిలో పెళ్ళికూతుర్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి పెట్టె తెరిచింది. ఇన్నాళ్ళూ ఎవరూ ముట్టుకోని రంగులు గుంటల నిండా ఉన్నాయి. రెండింటిని తన చేతి మీద గీసి చూసుకుని, ఒకదాన్ని ఎంచుకుంది. వంగపువ్వు రంగు, లోపల సన్నటి బంగారు మెరుపు.

"కళ్ళు మూసుకో అక్కా," అంది.

పాపాయమ్మ మూసుకుంది. వెంటనే ఒక కన్ను తెరిచి, అనుమానంగా పెట్టెలోకి చూసింది. "ఈ రంగుకి అర్థమేంటండమ్మా? ముందే సెప్పండి. పీటల మీద కూచున్నాక మళ్ళీ తిరస్కరణ అంటే బాగోదు."

"ఈ రంగుకి అర్థం ఇంకా ఎవరూ రాయలేదక్కా."

"ఎవరూ రాయలేదా?"

"రాయలేదు."

పాపాయమ్మ తృప్తిగా రెండు కళ్ళూ మూసుకుని, మొహం కిటికీ వెలుతురుకి ఎత్తింది.

"అయితే దట్టంగా ఏసెయ్యండి," అంది. "మీరూ ఏసుకోండి."